తొమ్మిదో చెయ్యి

కంచం మళ్ళీ నిండుగానే వెనక్కి వచ్చింది.

పాలల్లో నానేసిన రొట్టె ముక్కలు ఎలా వెళ్ళాయో అలాగే తిరిగొచ్చాయి. చెంచా కూడా తడవలేదు. అత్తయ్య దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి, నా వైపు చూడకుండా కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. ఆ చేతులకి ఏమీ అంటుకోలేదు. ఊరికే కడుక్కుంది.

నిన్న పొద్దున్న నుంచి ఇది ఐదో కంచం. మామయ్య ఒక్క ముద్ద ముట్టలేదు. మాత్రలు నోట్లో పెడితే ఉమ్మేస్తున్నారు. డాక్టరు ఫోన్లోనే తేల్చి చెప్పాడు, సాయంత్రం లోపు కడుపులోకి ఏదో ఒకటి వెళ్ళకపోతే తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చెయ్యండి, ఆ వయసుకీ ఆ గుండెకీ అంతకు మించి ఆగితే నేను పూచీ పడను అని.

దీనంతటికీ కారణం నేనట.

అట అని ఎందుకంటున్నానంటే, ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అని ఉంటే బాగుండేది. తిరిగి అనడానికి నాకూ ఒక మాట దొరికేది. ఈ ఇంట్లో కోపం వస్తే అరవరు, కుళాయి తిప్పుతారు, తలుపు నెమ్మదిగా వేస్తారు, అంతే. ఏడేళ్ళుగా చూస్తున్నాను, ఇంకా అలవాటు పడలేదు.

నేను చేసిన నేరం ఏమిటంటే, మామయ్య ఫొటో ఒకటి తయారు చేశాను.

మాది ఫొటో స్టూడియో. కింద కొట్టు, పైన ఇల్లు. పై నుంచి కిందికి దిగడానికి ఒకటే మెట్ల దారి, అది కొట్టులో నా కుర్చీ వెనక్కి దిగుతుంది. స్టూడియో పెట్టింది మామయ్య, వీధిలో అందరికీ ఆయన మాస్టారు. ఫొటోలు తీసేది మా ఆయన. తీసినవాటిని కంప్యూటర్ మీద సరిచేసేది నేను. మొహం మీద మొటిమలు తీసేస్తాను, మూసుకున్న కళ్ళు తెరిపిస్తాను, గుంపులోంచి ఒక్క మనిషిని విడదీసి వేరే రంగు ముందు నిలబెడతాను. ఆ విడదీసే పనిలో నన్ను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని మామయ్యే అన్నారని నేను వినేవాళ్ళకీ విననివాళ్ళకీ చెప్పుకుంటూ ఉంటాను.

కొట్టు పెట్టి నలభై ఏళ్ళయింది కదా, మాస్టారి పెద్ద పటం ఒకటి పెడదామన్నారు అన్నదమ్ములిద్దరూ. కొత్తగా తీద్దామంటే, పోయినేడు జబ్బు చేసినప్పటి నుంచి మామయ్య మూతి ఒక పక్కకి జారింది, ఒక చెయ్యి సరిగ్గా ఆడదు, మాటలూ రెండు మూడుకి మించి రావడం లేదు. అందుకని పాత ఫైళ్ళన్నీ వెతికాను. ఎక్కడో అడుగున ఇంటిల్లిపాదీ కలిసి దిగిన ఫొటో ఒకటి దొరికింది. అందులో ఆయన నిజంగా నవ్వుతున్నారు.

అందులోంచి ఆయన్ని విడదీశాను. తెల్ల జుట్టు అంచులు తెగకుండా తీయడానికే ఒక పూట పట్టింది. ఎడమ భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంటే తీసేసి, ఆ చోట కోటు గుడ్డ అల్లేశాను. వెనకాల బూడిద రంగు వేశాను. నిన్న పొద్దున్న ఆయన మంచానికి ఎదురుగా తగిలించాం.

మామయ్య చాలాసేపు చూశారు. లేచి, గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, పటంలోని ఎడమ భుజం మీద అరచెయ్యి ఆనించారు. తడిమారు. మా వైపు తిరిగి, "చెయ్యేదీ?" అన్నారు.

జబ్బు చేసిన తన చెయ్యి గురించి అడుగుతున్నారేమోనని మా ఆయన పరుగున వెళ్ళి ఆ చెయ్యి ఎత్తి చూపించి, ఇదిగో నాన్నా, ఇక్కడే ఉంది, బాగవుతుంది అని ఓదార్చబోయారు. మామయ్య విసురుగా చెయ్యి లాక్కుని మళ్ళీ పటం వైపే చూపించారు.

అప్పటి నుంచి ఆయన నోట ఆ ఒక్క మాటే. అప్పటి నుంచి కంచాలు తిరిగొస్తున్నాయి.

ఇవాళ ఐదో కంచం వెనక్కి వచ్చాక మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అడిగారు.

"ఆ చెయ్యి ఎందుకు తీశావు?"

"ఒక్కరినే విడిగా తియ్యమన్నది మీరే కదా. పక్కవాళ్ళ చెయ్యి ఉంచేస్తే అది ఒక్కరి ఫొటో ఎలా అవుతుంది?"

"ఉంచాల్సింది."

"సరే, తప్పే. ఇంతకీ ఎవరి చెయ్యి అది? మీదే కదా?"

ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నారు, ఒకటి వదిలేసి పై కాజాలో పెట్టారు. మళ్ళీ ఊడదీశారు. అత్తయ్య కుళాయి ఇంకొంచెం గట్టిగా తిప్పింది.

"మళ్ళీ పెట్టెయ్, అంతే," అని కిందికి దిగిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. పెట్టెయ్ అంటే అదేమన్నా ఊడిన బొత్తామా?

అయినా దిగి వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. ఆయన అప్పటికే పెద్ద ప్రింట్లు తేవడానికి వెళ్ళిపోయారు. బల్ల మీద ఇవ్వాల్సిన కవర్లు అలాగే పడి ఉన్నాయి, రెండు రోజులుగా ఈ గొడవలో వాటి మొహమే చూడలేదు. అన్నిటికంటే పైన పాస్‌పోర్ట్ మేడం కవరు.

ఆ పేరు నేను పెట్టిందే. ఏడాదికోసారి సరిగ్గా ఈ రోజుల్లో వస్తుంది. ఎనిమిది చిన్న ఫొటోలు. ముడతలు తీయొద్దు, మచ్చ చెరపొద్దు, ఉన్నది ఉన్నట్టు ఉంచి వెనకాల మాత్రం తెల్లగా చెయ్యమంటుంది. ఏటేటా కొత్త పాస్‌పోర్ట్ ఫొటోలు ఏం చేసుకుంటుందో నాకు అర్థం కాదు. మా ఆయన ప్రింట్లకి వెళ్ళే వేళకి, మామయ్య కునుకు తీసే వేళకి వస్తుంది, అందుకని ఫొటో కూడా నేనే తీస్తాను. వెళ్ళేటప్పుడు, "మాస్టారు బాగున్నారా?" అని అడుగుతుంది. బాగున్నారండీ అంటాను. పాత ఖాతాదారులందరూ అడిగేదే. మొన్న వచ్చినప్పుడు ప్రింటరు మొరాయించడంతో, ఇవాళ సాయంత్రం ఐదింటికి రమ్మన్నాను.

కవరు పక్కకి నెట్టి, ఇంటిల్లిపాదీ ఉన్న ఫొటో తెరిచాను.

అప్పుడే మా మరిది కెమెరా సంచీతో లోపలికి వచ్చాడు. వాణ్ణి అందరూ ఫ్లాష్ అంటారు, రావడం వెలుగుతూ వస్తాడు, మరుక్షణం ఉండడు. ఏం చేస్తున్నావు వదినా అన్నాడు. చేతులు లెక్కపెడుతున్నానన్నాను. నవ్వి, తనూ వంగాడు.

ఫొటోలో నలుగురు. మామయ్యా అత్తయ్యా కూర్చున్నారు, వెనకాల అన్నదమ్ములిద్దరూ నిలబడ్డారు. మామయ్య రెండు చేతులూ మోకాళ్ళ మీద. అత్తయ్యవి ఒళ్ళో. ఫ్లాష్ చేతులు కట్టుకున్నాడు. మా ఆయన ఒక చెయ్యి జేబులో, ఒకటి అత్తయ్య కుర్చీ మీద. ఎనిమిది. మామయ్య భుజం మీద ఇంకొకటి.

"తొమ్మిది వచ్చాయి. కొంపదీసి నీకు మూడు చేతులా?" అన్నాను.

వాడు నవ్వబోయి ఆగిపోయాడు. తెర మీద ఆ చెయ్యి వైపే చూస్తూ నిలబడ్డాడు. వాడంతసేపు ఒక చోట నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత, ఎక్కడో పని ఉందని గొణిగి, కెమెరా సంచీ నా బల్ల మీదే మరిచిపోయి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల కిందట ఇదే ఫొటో మీద ఒక పూటంతా కూర్చున్నాను. అప్పుడెందుకు కనబడలేదంటే, పని చేసేటప్పుడు నేను మనుషుల్ని చూడను, అంచుల్ని చూస్తాను. చెవి అంచు, కాలరు అంచు, వెంట్రుక అంచు. ఎవరి చెవి అని ఎప్పుడూ అనుకోను.

ఇప్పుడు మొదటిసారి మొత్తం ఫొటో చూశాను. మామయ్య వెనకాల, అన్నదమ్ములిద్దరి మధ్య, ఒక మనిషి పట్టేంత ఖాళీ. అక్కడ వెనకాల కట్టిన తెర గుడ్డ మాత్రమే ఉంది. గుడ్డ మీద చిన్న మరక. పక్క మడతలో మళ్ళీ అదే మరక, అదే ఆకారం, అదే ఎత్తులో.

ఎవరో అక్కడి మనిషిని చెరిపేసి, పక్కనున్న గుడ్డనే అతికించి ఖాళీ పూడ్చారు. మరకతో సహా అతికించారు. చెయ్యి చెరపడం మరిచిపోయారు.

ఎవరీ పనికిమాలిన పని చేసింది అని తిట్టుకుంటూనే నాలుక కరుచుకున్నాను. పని నేర్చుకునే రోజుల్లో ఆ తప్పు చేసేది నేనే. గుడ్డ ఎత్తుకొచ్చేటప్పుడు మరక చూసుకునేదాన్ని కాదు. తర్వాత మామయ్యే మాన్పించారు.

అది నా పనే.

ఏడేళ్ళ కిందట ఉద్యోగం అడగడానికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. మామయ్య ఒక ఫొటో తెరిచిపెట్టి, వెనకాల నిలబడ్డ ఆడమనిషిని తీసెయ్ అన్నారు, అదే పరీక్ష. కంగారులో తెర నిండా పెద్దది చేసుకుని, మూల నుంచి మూలకి చెరుపుకుంటూ పోయాను. ఆ మొహం ఎలా ఉందో కూడా చూడలేదు. మిగతా మొహాలూ చూడలేదు. మర్నాటి నుంచి రమ్మన్నారు. ఏడాది తిరక్కుండా కోడల్ని చేసుకున్నారు.

పెళ్ళికి ముందు అమ్మ చెవిలో వేసింది, ఆ ఇంట్లో పెద్దపిల్ల ఒకతె ఉండేదిట, ఏదో మాటా మాటా వచ్చి వెళ్ళిపోయిందిట, ఆ ఊసెత్తకు అని. నేను ఎత్తలేదు. ఇన్ని వేల ఫొటోలున్న ఇంట్లో ఆవిడది ఒక్కటీ లేదేమిటని కూడా నాకు తట్టలేదు. నా బుద్ధికి నాకే అసహ్యం వేసింది.

మా ఆయన ప్రింట్లు మోసుకుంటూ వచ్చేసరికి నేను అలాగే కూర్చుని ఉన్నాను.

"ఇది నేను చేసిన పనే కదూ?" అన్నాను.

ఆయన ప్రింట్లు కింద పెట్టారు. "అవును."

"ఆరేళ్ళకి పైగా కాపురం చేశాను. ఒక్కసారి చెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పను? మా అక్కని చెరిపిన చేత్తోనే ఈ ఇంటికొచ్చావని చెప్పనా?"

అసలు ఫొటో ఎక్కడుందని అడిగాను. ఎక్కడా లేదన్నారు. నా పరీక్ష అయిన రోజే మామయ్య ఆవిడున్న ఫొటోలన్నీ అన్ని చోట్లా తీసేయించారట. తీసింది ఎవరంటే, ఈయనే.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేను తెర వైపు తిరిగి ఆ చేతి పని మొదలుపెట్టాను.

ఇన్నేళ్ళలో ఒక చేతిని ఇంత శ్రద్ధగా చూసింది ఇవాళే. చిటికెన వేలు రెండో కణుపు దగ్గర లోపలికి వంగి ఉంది. బొటనవేలు మొదట్లో పాత గాటు, ఫొటోలు కత్తిరించే కత్తిదే అయ్యుంటుంది, అలాంటిది నాకూ ఉంది. గోళ్ళు పొట్టిగా తీసేసి ఉన్నాయి. మామయ్య భుజం మీద ఆ వేళ్ళు బరువు వేయకుండా, ఊరికే ఆనుకుని ఉన్నాయి. మామయ్య నవ్వు దానివల్లే వచ్చిందని అప్పుడు అర్థమయింది. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని అంచులు తీశాను.

మా ఆయన మళ్ళీ వెళ్ళి ప్రింటు వేయించుకొచ్చాక, మూడింటికి కొత్త పటం పైకి తీసుకెళ్ళాం. అత్తయ్య కంచం పట్టుకుని సిద్ధంగా నిలబడింది. మామయ్య లేచి వెళ్ళి భుజం తడిమారు. చెయ్యి దొరికింది. జారిన మూతి కొంచెం పైకి లేచింది. మా ఆయన నా భుజం తట్టారు. హమ్మయ్య అనుకున్నాను.

మామయ్య వేలు ఆ చిటికెన వేలి మీదుగా, మణికట్టు మీదుగా వెళ్ళింది. భుజం వెనక చెయ్యి ఆగిపోయే చోట అదీ ఆగింది. పైకి జరిగింది, పక్కకి జరిగింది. అక్కడ నేను వేసిన బూడిద రంగు తప్ప ఇంకేమీ లేదు.

"మనిషేదీ?" అన్నారు.

వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆరో కంచమూ తిరిగొచ్చింది.

మా ఆయన బండి కోసం ఫోన్ చేయడానికి బయటికెళ్ళారు. ఆసుపత్రికి బట్టలు సర్దుదామని నేను లేస్తుంటే అత్తయ్య, కూర్చో అంది. ఏడేళ్ళలో అంత మెత్తగా అనడం అదే మొదలు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

బంధం తెగిపోయింది కొట్టు బోర్డు దగ్గరట. పదకొండేళ్ళు నా కుర్చీలో కూర్చున్నది ఆ పిల్లేనట. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో మామయ్యకి మౌసు పట్టుకోవడం నేర్పింది కూడా ఆవిడే. కొత్త బోర్డు రాయించేటప్పుడు మామయ్య దాని మీద తన పేరూ కొడుకుల పేర్లూ రాయించారు. నా పేరేది నాన్నా అని అడిగింది. రేపు ఇంకో ఇంటికి పోయేదానివి, నీ పేరెందుకే అన్నారు. రేపటిదాకా ఎందుకు అని ఆ పూటే వెళ్ళిపోయింది. బోర్డు పెట్టే రోజుకి ఇంటిల్లిపాదీ ఉన్న ఫొటో కావాల్సి వచ్చింది. అందులో ఆ పిల్ల ఉండకూడదన్నారు మామయ్య.

"మరి ఆయనే తీసెయ్యొచ్చు కదా అత్తయ్యా, నాకెందుకు పెట్టారు?"

"మూడు రోజులు కూర్చున్నారు ఆ మిషను ముందు. చెయ్యి ఆడలేదు. అందుకే పనికొచ్చినవాళ్ళకి పరీక్ష పెట్టారు. నీకంటే ముందు నలుగురొచ్చారు. నలుగురూ శుభ్రంగా తీసేశారు, చెయ్యితో సహా. పొమ్మన్నారు."

నాకేమీ అర్థం కాలేదు.

"నువ్వు చెయ్యి వదిలేశావు. ఆ సాయంత్రం పైకొచ్చి నాతో అన్నారు, ఈ పిల్ల ఉంటుందే అని."

వినేవాళ్ళకీ విననివాళ్ళకీ చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నేను చూసుకోలేదత్తయ్యా. పక్కన నిలబడ్డవాళ్ళ చెయ్యి అనుకుని ఉంటాను," అన్నాను.

"తెలుసు," అంది అత్తయ్య. "ఆయనకీ తెలుసు."

ఆవిడ ఎక్కడుందో కబురు చేద్దామన్నాను. అత్తయ్య నా వైపు జాలిగా చూసింది.

"ఎక్కడుందో తెలిస్తే నేను ఇక్కడ కూర్చుని కంచాలు కడుగుతానా?"

బట్టలు సర్దాను. ఫ్లాష్ కూడా తిరిగొచ్చాడు, అన్నదమ్ములిద్దరూ పైన మామయ్యని లేవదీసే ప్రయత్నంలో ఉన్నారు. ఆయన మొండికేస్తున్న చప్పుడు వినబడుతోంది. కొట్టు కట్టేద్దామని నేను కిందికి దిగాను. గడియారం ఐదు చూపిస్తోంది.

తలుపు తోసుకుని పాస్‌పోర్ట్ మేడం వచ్చింది.

ఇవాళ కాదండీ, రేపు రండి అనబోయి, కవరు కళ్ళ ముందే ఉందని తీసి ఇచ్చాను. ఎప్పటిలాగే ఒక్కో ఫొటో అద్దం బల్ల మీద పరుచుకుని చూసుకుంది. తల వంచుకుని, మళ్ళీ ఎప్పటిలాగే అడిగింది.

"మాస్టారు బాగున్నారా?"

బాగున్నారండీ అనే మాట అలవాటుగా నోటి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. నేను అద్దం మీది చెయ్యి చూస్తున్నాను. పొట్టి గోళ్ళు. బొటనవేలు మొదట్లో గాటు. లోపలికి వంగిన చిటికెన వేలు.

ఏటేటా ఈ మొహాన్ని విడదీసి తెల్లరంగు ముందు పెట్టాను. అంచులు తీశాను. ఎవరని ఒక్కసారి చూడలేదు.

ఈ ఇంట్లో నన్ను వదినా అనేవాడున్నాడు. నేను వదినా అనడానికి ఎవరూ లేరు. ఆ పిలుపు నా నోటికి కొత్త.

"బాగా లేరు," అన్నాను. "రెండు రోజులుగా ఏమీ తినలేదు. మనిషేదీ అని అడుగుతున్నారు, వదినా."

ఆవిడ తలెత్తలేదు. ఎనిమిది ఫొటోలూ ఒకదాని మీద ఒకటి సర్దింది, కవర్లో పెట్టబోతే ఒకటి జారి కింద పడింది. దాన్ని తియ్యలేదు.

"నేను ఫొటోల కోసం రానమ్మా," అంది చివరికి. "బోర్డు మారిందేమో చూసుకోవడానికి వస్తాను. ఇవాళ కూడా చూశాను. అదే ఉంది."

"ఒక్కసారి పైకి రండి."

"ఆ బోర్డు కింద నుంచి ఇక్కడి దాకా వస్తాను. ఆ మెట్లెక్కను."

కవరు సంచీలో పెట్టుకుని తలుపు వైపు తిరిగింది. నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదు. బల్ల మీదుగా వంగి ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. విదిలించుకుంటుందనుకున్నాను. విదిలించుకోలేదు, అలాగని నా వైపు తిరగనూ లేదు.

పైన తలుపు తెరుచుకుంది. బండి వచ్చేసింది, నాన్నని దింపుతున్నాం, అడ్డం లేకుండా నీ కుర్చీ తియ్యి అని మా ఆయన కేకేశారు.

కుర్చీ తియ్యాలంటే ఆ చెయ్యి వదలాలి. నేను వదల్లేదు. నా వెనక, మొదటి మెట్టు మీద, మామయ్య చేతికర్ర చప్పుడయింది.